త్రిభుజ కోణాల పాఠంలో జియోజీబ్రా: తోటి ఛాత్రోపాధ్యాయులకు

త్రిభుజంలోని మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలన్న సిద్ధాంతాన్ని తొమ్మిదో తరగతికి, తెరపై ఆకారాలు గీసి కదిలించగల గణిత సాఫ్ట్‌వేర్ జియోజీబ్రాతో చెప్పాలనుకునే ఛాత్రోపాధ్యాయులు ముందుగా తేల్చుకోవలసింది, తెరను ఎప్పుడు వెలిగించాలన్నది. బి.ఎడ్. బోధనాభ్యాసంలో నేను మొదటిసారి పీరియడ్ మొదలవుతూనే వెలిగించాను. పిల్లలు ముచ్చటగా చూశారు గాని, కోణమానిని చేతబట్టి ఒక్క కోణమైనా కొలవలేదు. మరో సెక్షన్‌లో మార్చుకున్న క్రమాన్నే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి 15 నిమిషాలు తెర జోలికి పోకండి. ప్రతి ఒక్కరినీ తమకు నచ్చిన త్రిభుజం గీసి, కోణాలు కొలిచి కూడమనండి. 178, 180, 183 వంటి మొత్తాలు వస్తాయి. వాటిని సరిదిద్దకుండా అన్నింటినీ నల్లబల్ల మీద రాయండి. అసలు మొత్తం ఎంతై ఉంటుందన్న ప్రశ్న తరగతిలోనే పుట్టాక జియోజీబ్రా తెరవండి. ఇంటర్నెట్ అవసరం లేకుండా నడిచే యాప్‌ను ముందు రోజే ఎక్కించుకుంటే మంచిది.

బహుభుజి సాధనంతో మూడు శీర్షాలను అపసవ్య దిశలో గుర్తించి, కోణం సాధనంతో త్రిభుజం లోపల నొక్కండి. సవ్య దిశలో గుర్తిస్తే లోపలి కోణాలకు బదులు బయటివి కనిపించి పిల్లలు తికమకపడతారు. శీర్షాన్ని లాగే పని మీరు చేయవద్దు. వెనక బెంచీ పిల్లలను పిలిచి, వారిచేతనే లాగించి, మిగిలినవారిని అంకెలు కూడమనండి.

దశాంశ స్థానాల అమరికను నేను సున్నాకు పెట్టాను. ఒక చోట తెరపై 46, 65, 70 కనిపించాయి. మూడో వరుసలోని అమ్మాయి లేచి, "రెండుసార్లు కూడాను సార్, 181 వస్తోంది" అంది. నేను కంగారుపడి శీర్షాన్ని పక్కకు జరిపేశాను. అది తప్పు. అక్కడే ఆగి, దశాంశ స్థానాన్ని ఒకటికి పెంచి చూపవలసింది: కోణాలు 45.6, 64.7, 69.7 అయితే మొత్తం సరిగ్గా 180 అవుతుంది, మూడింటినీ పూర్ణాంకాలకు సవరించినప్పుడే ఒక డిగ్రీ పెరుగుతుంది. ఇలాంటి ప్రశ్న వస్తే దాటవేయకండి, ఆ పీరియడ్‌లో అంతకంటే విలువైన ప్రశ్న రాకపోవచ్చు. రెండు స్థానాలు పెట్టినా మొత్తం అప్పుడప్పుడు 180.01 వస్తుందని కూడా చూపండి, ఎందుకంటే తెర ఎన్ని త్రిభుజాలను చూపినా అది పరిశీలనే అవుతుంది, నిరూపణ కాదు.

అందుకే చివరి 10 నిమిషాలకు తెర ఆపి సుద్దముక్క పట్టుకోండి. పై శీర్షం గుండా త్రిభుజ భూమికి, అంటే అడుగు భుజానికి, సమాంతరంగా ఒక రేఖ గీయండి. భూమి దగ్గరి రెండు కోణాలకూ సమానమైన ఏకాంతర కోణాలు ఆ రేఖ వద్ద శీర్షకోణానికి చెరో పక్కన ఏర్పడి, మూడూ కలిసి సరళ కోణం అవుతాయి. ఏ కోణం దేనికి సమానమో, ఎందుకు సమానమో కారణంతో సహా పిల్లలనే రాయనివ్వండి. నేను మరుసటి రోజు ఆ నిరూపణ చేయించినప్పుడు, అదే అమ్మాయి తన నోటుపుస్తకం చూపించి, "ఇందులో అసలు కొలవడమే లేదు కదా సార్" అంది.