గోదావరి వంతెనల చరిత్ర పిల్లలకు ఇలా చూపించండి

కాజీపేట నుంచి రాజమండ్రి వెళ్తూ మా మనవడికి నేను చూపించిన పద్ధతి ఇది. పగలు గోదావరి దాటే రైలుకే టికెట్ తీసుకోండి. కొవ్వూరు రాగానే పిల్లల్ని కిటికీ పక్కన కూర్చోబెట్టండి. కాంక్రీటు విల్లులు వరసగా కనబడితే అది 1997 నాటి ఆర్చ్ వంతెన. పక్కనే 1900 నాటి హేవలాక్ వంతెన. దాని మీద ఇప్పుడు రైళ్లు తిరగవు.

అసలు చూడాల్సింది 1974లో మొదలైన రోడ్డు-రైలు వంతెన. రైళ్లకు రెండో లైను కావాలని కడుతూ, నెత్తిన రోడ్డు కూడా వేశారు. ఇనుప చట్రం లోపల పట్టాలు, పైన బండ్లు. ఎంత ముందుచూపు! రాజమండ్రిలో దిగాక ఆటోలో దాని మీదుగా కొవ్వూరు వెళ్లండి. మరమ్మతులకు అప్పుడప్పుడు మూస్తారు, ముందే అడగండి. మేం నది మధ్యలో ఉండగా అడుగున రైలు వచ్చింది. మావాడు నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "తాతా, మన కిందే పోతోంది!" అన్నాడు.