కొత్త టైర్లు వేశాక కారు అదురుతుంటే ముందు ఏ చక్రమో తేల్చుకోండి

నాన్నకు వెన్నెముక ఆపరేషన్ అయ్యాక రెండు వారాలకోసారి విజయవాడ నుంచి హైదరాబాద్ తీసుకెళ్ళి చూపించాల్సి వచ్చేది. టైర్లు అప్పటికే బాగా అరిగాయి. అంత దూరం వాటితో ఎందుకని నాలుగూ మార్పించేశాను. ఆ శనివారం చిల్లకల్లు టోల్‌గేటు దాటి 90కి రాగానే వెనక సీట్లోంచి నాన్న, "ఏమ్మా, కాళ్ళ కింద పిండిమర ఆడుతున్నట్టుంది" అన్నారు. నా చేతుల్లో స్టీరింగ్ నిలకడగానే ఉంది. వేగం 75కి తగ్గిస్తే ఆగింది, మళ్ళీ 90కి వెళ్తే మొదలైంది. సూర్యాపేట చేరేసరికి ఆయన నడుం పట్టేసింది. హోటల్ దగ్గర కారు దిగడానికి నా భుజం పట్టుకోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత నెలన్నరలో టైర్ల షాపుకి మూడుసార్లు వెళ్ళాను. రెండుసార్లు ముందు చక్రాలకు బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమానంగా ఉండేలా రిమ్ముకి చిన్న వెయిట్లు అంటించడం) చేశారు, ఒకసారి అలైన్‌మెంట్ (చక్రాలు నిలబడే కోణాలు సరిచేయడం) చేశారు. చేసిన ప్రతిసారీ కుర్రాడు కారుని ఊళ్ళోనే ఒక రౌండు తిప్పుకొచ్చి, "స్టీరింగ్‌లో ఏం లేదు మేడమ్" అనేవాడు. అతను అబద్ధం చెప్పలేదు. ఊళ్ళో 50 దాటి వెళ్ళే వీల్లేదు, అదురు వచ్చేదేమో 85 దాటాక. పైగా అది స్టీరింగ్‌లో లేదు, వెనక సీట్లో ఉంది. చివరికి తప్పు వెనక ఎడమ చక్రంలో దొరికింది. ఆ నెలన్నరలో దాన్ని ఎవరూ విప్పలేదు, విప్పమని నేనూ అడగలేదు.

అందుకే ఏ షాపుకైనా వెళ్ళే ముందు ఒక గంట పెట్టుకుని మీరే పరీక్ష చేసుకోండి. ఖాళీగా, నున్నగా ఉన్న హైవే ముక్క ఒకటి చూసుకుని, అక్కడి బోర్డు మీద ఉన్న వేగం దాటకుండా నడపండి. పక్కన ఒకరు, వెనక ఒకరు కూర్చోవాలి. 60 నుంచి ఐదేసి కిలోమీటర్ల చొప్పున వేగం పెంచుతూ అదురు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఎక్కువైందో, ఎక్కడ తగ్గిందో వెనక కూర్చున్నవాళ్ళతో రాయించండి. నడిపే మనిషి రాయకూడదు. స్టీరింగ్ వణికితే సాధారణంగా ముందు చక్రాలు. సీటు, కాళ్ళ కింద ఫ్లోర్ వణికితే వెనకవి. వెనక సీట్లో కూర్చున్నవాళ్ళ మాట తప్పకుండా వినండి. మా కారులో అసలు సంగతి మొదటి రోజే చెప్పింది నాన్నే.

అదే వేగంలో గేరు మార్చి కూడా చూడండి. 80లో ఐదో గేరు నుంచి నాలుగో గేరుకి వస్తే ఇంజిన్ వేగం పెరుగుతుంది, చక్రాల వేగం మారదు. గేరు మార్చగానే అదురు తీరు మారిపోతే ఇంజిన్ మౌంట్ల (ఇంజిన్‌ని పట్టి ఉంచే రబ్బరు దిమ్మల) వైపు చూడాలి. ఏం మారకపోతే అది చక్రాల తాలూకుదే. బ్రేకు నొక్కినప్పుడే వణికితే బ్రేకు డిస్కులు చూపించాలి, టైర్ల షాపుతో పని లేదు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడే వచ్చి, కాలు తీయగానే పోతుంటే యాక్సిల్ లోపలి జాయింట్ మీద అనుమానం పెట్టుకోవాలి. రాత్రంతా నిలబెట్టిన కారు తెల్లవారి మొదటి పది పదిహేను కిలోమీటర్లు అదిరి, టైర్లు వేడెక్కాక సర్దుకుంటే కంగారు పడక్కర్లేదు. నిలబడిన చోట టైరు కాస్త చదునై అలా చేస్తుంది.

అలైన్‌మెంట్ గురించి ఒక మాట. అది చెడితే కారు ఒక పక్కకి లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. హైవే మీద ఫలానా వేగంలోనే వచ్చే అదురు అలైన్‌మెంట్‌తో పోదు. కొత్త టైర్లు వేశాక అలైన్‌మెంట్ చేయించడం మంచిదే. అదురు పోతుందని చేయించుకుంటే మాత్రం ఆ డబ్బు దండగ.

ఇక ఇంటి దగ్గర చూసుకోవలసినవి. పొద్దున్నే కారు తీయకముందు గాలి కొలవండి. టైరు రిమ్ములో కూర్చోవడానికి షాపులో గాలి ఎక్కువ కొడతారు, తర్వాత తగ్గించడం మర్చిపోతారు. ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. తర్వాత టైరు పక్క గోడ మీద రిమ్ము అంచుకి దగ్గరగా చుట్టూ తిరిగే సన్నని గీత వెతకండి. రిమ్ముకీ ఆ గీతకీ మధ్య ఎడం చుట్టూరా ఒకేలా ఉండాలి. ఒకచోట గీత లోపలికి దిగిపోయి కనిపిస్తే టైరు సరిగ్గా కూర్చోలేదన్నమాట. గాలి తీసి, అంచుకి సబ్బునీళ్ళు రాసి మళ్ళీ ఎక్కించమనాలి. పక్క గోడ మీద ఎక్కడైనా బుడగలా ఉబ్బి ఉంటే ఆ టైరుతో హైవే ఎక్కొద్దు. రిమ్ము లోపలి వైపు టార్చి వేసి చూడండి. వానాకాలంలో పొలం రోడ్ల నల్లమట్టి అక్కడ ఎండి గడ్డ కట్టుకుంటుంది. బ్యాలెన్సింగ్ అంతా గ్రాముల లెక్క కాబట్టి గుప్పెడు మట్టి చాలు దాన్ని చెడగొట్టడానికి. పాత బ్యాలెన్సింగ్ వెయిట్లు పీకకుండా పక్కనే కొత్తవి అంటించారేమో కూడా చూడండి. ఒకచోట జిగురు మరక మాత్రమే ఉంటే అక్కడి వెయిట్ ఊడిపోయి ఉండొచ్చు.

ఇవేవీ కాకపోతే చక్రాలు మార్చి చూడాలి. నాకు దారి చూపింది ఇదే. నాలుగూ ఒకే సైజు అయితే ఒక పక్క ముందు చక్రాన్ని వెనక్కి, వెనకదాన్ని ముందుకి వేయండి. పక్క మారదు కాబట్టి ఒకే దిశలో తిరగాల్సిన టైర్లకైనా ఇబ్బంది ఉండదు. ఈ పని పంక్చర్ షాపులో చేయించడం సుఖం, రెండు జాకీలు కావాలి. మీరే చేసేటట్టయితే కారు చదును నేల మీద ఉండాలి, చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాలి, జాకీ మీదున్న కారు కిందికి చెయ్యి కూడా పోనివ్వొద్దు. చక్రం విప్పినప్పుడు హబ్బు (చక్రాన్ని బిగించే, దాంతో పాటే తిరిగే ఇనుప భాగం) మీద తుప్పు పొర ఉందేమో చూసి వైరు బ్రష్‌తో గీకేయండి. ఆ పొర ఒకచోట మందంగా ఉంటే చక్రం కాస్త వంకరగా కూర్చుంటుంది.

చక్రాలు మార్చాక అదే రోడ్డు మీద అదే వేగంతో వెళ్ళండి. అదురు వెనక నుంచి స్టీరింగ్‌లోకి వస్తే తప్పు ఆ చక్రంలోనో టైరులోనో ఉంది. ఉన్నచోటే ఉంటే హబ్బు, బేరింగు చూడాలి, లేదా రెండో పక్క చక్రాలు కూడా ఇలాగే మార్చి చూడాలి. నేను ఎడమ పక్క మార్పించాను. నందిగామ దాటాక 90కి రాగానే స్టీరింగ్ నా చేతుల్లో సన్నగా దడదడలాడింది. నాకు సంతోషం వేసింది. నెలన్నర తర్వాత మొదటిసారి తప్పు ఏ చక్రంలో ఉందో వేలు పెట్టి చూపించగలిగాను.

ఆ చక్రాన్ని ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన బ్యాలెన్సింగ్ మిషన్ మీద ఎక్కించి తిప్పితే రెండు పక్కలా సున్నా చూపించింది. నాకు నీరసం వచ్చేసింది. ఆయన మాత్రం ఏమీ అనకుండా బిగింపు వదులు చేసి, చక్రాన్ని ఇరుసు మీద సగం చుట్టు తిప్పి, మళ్ళీ బిగించి తిప్పారు. ఈసారి 40 గ్రాములు చూపించింది. "చూశావా అమ్మా, చక్రం మారలేదు, కూర్చున్న తీరు మారింది" అన్నారు. నిజంగా బ్యాలెన్సు కుదిరిన చక్రం ఎలా తిప్పి పెట్టినా ఐదు గ్రాములకు మించి చూపించకూడదు. మొదటిసారి ఆయన కావాలనే ముందు వైపు నుంచి కోను (చక్రం మధ్య రంధ్రంలో దూర్చి దాన్ని మిషన్ మీద నిలబెట్టే శంకువు ఆకారపు ముక్క) పెట్టి బిగించారట. టైర్లు వేసినచోట అలాగే చేసి ఉంటారని ఆయన అనుమానం. మా అలాయ్ రిమ్ముకి ముందు వైపు ఉన్నది ప్లాస్టిక్ మూత కూర్చునే రంధ్రం, అంత ఖచ్చితంగా కోసింది కాదు. వెనక వైపు రంధ్రమే హబ్బు మీద కూర్చునేది. కోను అటు నుంచి పెట్టాలి.

పదిహేను కిలోల చక్రం మిషన్ మీద పావు మిల్లీమీటరు పక్కకి కూర్చుంటే చాలు, బ్యాలెన్సింగ్ 20 గ్రాములు తప్పుతుంది. సగం చుట్టు తిప్పితే ఆ తప్పు రెట్టింపై 40గా బయటపడుతుంది. 20 గ్రాములంటే ఎంత అని తీసిపారేయకండి. మా టైరు సైజు 185/65 ఆర్15, ఒక చుట్టుకి దాదాపు 1.95 మీటర్లు వెళ్తుంది. 100 వేగంలో సెకనుకి 14 చుట్లు తిరుగుతుంది. అప్పుడు రిమ్ము అంచున ఉన్న ఆ 20 గ్రాములు మూడు కిలోల బలంతో, సెకనుకి 14 సార్లు చక్రాన్ని అటూ ఇటూ గుంజుతాయి. నాన్న నడుముకి తగిలింది ఆ దెబ్బలే.

అందుకని బ్యాలెన్సింగ్ చేయించేటప్పుడు పక్కనే నిలబడండి. నాలుగు చక్రాలూ చేయించండి. పాత వెయిట్లన్నీ పీకించండి. కోను వెనక నుంచి పెట్టమనండి. అయ్యాక ఒకసారి సగం చుట్టు తిప్పి చూపించమని అడగండి. రెండు నిమిషాల పని. కాదంటే ఇంకో షాపుకి వెళ్ళండి.

ఆ పరీక్షలో కూడా సున్నా వచ్చి అదురు మిగిలితే చక్రం గుండ్రంగా ఉందో లేదో చూడాలి. మిషన్ మీద నెమ్మదిగా తిప్పుతూ రిమ్ము లోపలి అంచుకి దగ్గరగా ఒక పెన్ను కదలకుండా పట్టుకుంటే ఎడం పెరగడం, తగ్గడం కంటికే కనిపిస్తుంది. గుంతల్లో పడి వంగిన రిమ్ము ఎక్కువగా లోపలి వైపే వంగుతుంది, బయటి నుంచి తెలియదు. ఇనుప రిమ్ము బెండు తీయించుకోవచ్చు. అలాయ్ రిమ్ముకి పగులు వచ్చే ప్రమాదం ఉంది, నేనైతే మార్చేస్తాను. తర్వాత టైరు మీద కూడా అలాగే చూడండి. ఒకటిన్నర మిల్లీమీటరుకి మించి ఎత్తుపల్లాలు కనిపిస్తే టైరుని రిమ్ము మీద సగం చుట్టు తిప్పి ఎక్కించి చూడమనాలి. రిమ్ము ఎత్తు, టైరు ఎత్తు ఒకేచోట కలిసి ఉంటే దాంతో విడిపోతాయి. అప్పటికీ తగ్గకపోతే బిల్లు తీసుకెళ్ళి టైరు మార్చమని అడగండి. కొత్త టైరులో తయారీ లోపానికి వారంటీ ఉంటుంది. పక్క గోడ మీద DOT అని మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు కూడా చూసుకోండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. కొత్తదని అమ్మినా పాత సరుకు కావచ్చు.

బయట కొన్న అలాయ్‌లు వేయించుకున్నవాళ్ళు రిమ్ము మధ్య రంధ్రం హబ్బు కంటే పెద్దదేమో చూసుకోవాలి. ఆ ఎడం నింపడానికి రింగులు దొరుకుతాయి. కారు 60, 70 వేలు తిరిగిందైతే చక్రాన్ని పైకి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. లొడలొడలాడితే బేరింగో బాల్ జాయింటో అరిగింది. అటూ ఇటూ పట్టుకుని ఊపినప్పుడు ఆడితే టై రాడ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ) చివరలు చూపించాలి.

చక్రం తిరిగి బిగించేటప్పుడు నట్లు బిగించే గాలి గన్నుతో ఒక్క ఊపున బిగించనివ్వకండి. ముందు చేత్తో నట్లన్నీ ఎక్కించి, ఒకదాని తర్వాత ఎదురుగా ఉన్నది బిగించుకుంటూ రావాలి. చివరి బిగింపు చక్రం నేల మీదికి దించాక, మాన్యువల్‌లో రాసిన లెక్క ప్రకారం టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే రెంచి) చేయాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి సరిచూడాలి. మా చక్రం బిగించాక తర్వాతి ప్రయాణంలో కోదాడ దగ్గర టీకి ఆగినప్పుడు నేను రెంచి తీసి నట్లన్నీ చూసుకున్నాను. ఒకటి పావు చుట్టు తిరిగింది. ఈలోగా నాన్న నా భుజం పట్టుకోకుండానే కారు దిగి టీ కొట్టు దాకా నడిచి వెళ్ళారు.