స్మోకర్‌కు దుప్పటి చుట్టే ముందు

అమెరికాలోని మిన్నెసోటా చలిలో పెరటి స్మోకర్‌ను, అంటే మాంసాన్ని పొగలో నెమ్మదిగా వండే పొయ్యిని, 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలపాలంటే బొగ్గు సంచులు ఇట్టే ఖాళీ అవుతాయి. రేకుకు వేడి నిలిపే పొర చుట్టడం మంచిదే. ముందు ఇవి చూసుకోండి.

- నిప్పు పూర్తిగా ఆరిందా? పైన బూడిద తెల్లబడినా అడుగున నిప్పు కణిక మిగిలి ఉండొచ్చు. ఒక రాత్రి ఆగండి.

- థర్మోకోల్, ఫోమ్, పాత రగ్గులు వద్దు. నిప్పురవ్వలను తట్టుకునే వెల్డింగ్ దుప్పటి వాడండి. సిరామిక్ ఫైబర్ (వేడిని తట్టుకునే దూదిలాంటి పొర) అయితే దాని నూగు ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఎన్95 మాస్కు, చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా ఉండాలి. మాంసం ఉండే లోపలి వైపు మాత్రం దాన్ని అసలు పెట్టకండి.

- గాలి రంధ్రాలు, పొగ గొట్టం తెరిచే ఉండాలి. ఒకసారి నేను కింది రంధ్రాన్ని సగం కప్పేశాను. నిప్పుకు ఊపిరాడలేదు, నల్లటి పొగ పట్టి కోడి కాళ్లు వేపాకంత చేదెక్కాయి. కుక్క కూడా వాసన చూసి వెళ్లిపోయింది!

- కొవ్వు కారే చోట పొర వేయకండి. జిడ్డు పీల్చిన దుప్పటి వత్తిలా అంటుకుంటుంది.

- చలిగా ఉందని గ్యారేజీలోకి లాగకండి. బొగ్గు నిప్పు నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

- తలుపు సందుల్లోంచి పొగ వస్తోందా? ముందు ఆ సందులు మూయండి. ఒక్కోసారి దుప్పటి అవసరమే రాకపోవచ్చు.