ఊరి చరిత్ర రాద్దాం – నాలుగో పాఠం: ఒకే వరద, రెండు లెక్కలు

పోయిన పాఠంలో మీకో పని అప్పగించాను. మీరుంటున్న ఊళ్ళో జరిగిన పెద్ద సంఘటన ఏదైనా ఒకటి ఎంచుకుని, దాని గురించి మూడు వేర్వేరు చోట్ల రాసిన మాటలు తెచ్చి పక్కపక్కన పెట్టమన్నాను. ఆ పని చేసినవాళ్ళకి ఈపాటికే చిక్కు ఎదురై ఉంటుంది. మూడూ ఒకే మాట చెప్పవు. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఇంకొందరు తమకు నచ్చిన మాటను ఉంచుకుని మిగతా రెండూ పక్కన పడేస్తారు. రెండోది మరీ పెద్ద నష్టం. అందుకే ఈ పాఠమంతా ఆ చిక్కు గురించే.

కొత్తగా చేరినవాళ్ళకి ఒక్క మాట. ఆస్ట్రేలియా పల్లెపట్టుల్లో ఆసుపత్రుల్లోనో, బడుల్లోనో, పొలాల్లోనో పనికి వచ్చి స్థిరపడుతున్న తెలుగువాళ్ళం ఇప్పుడు బాగానే ఉన్నాం. అలాంటి ఒక చిన్న ఊళ్ళో ఉంటూ, శనివారాలు అక్కడి మ్యూజియంలో చేయి సాయం చేస్తూ నేర్చుకున్నదే ఈ పాఠాల్లో చెబుతున్నాను. మనం పుట్టిన ఊరు కాకపోయినా మన పిల్లలు పెరుగుతున్న ఊరు. దాని కథ మనకి తెలియాలి. అది చెదిరిపోకుండా చూసేవాళ్ళలో మనమూ ఉండాలి.

ఉదాహరణకి గండగై ఊరిని తీసుకుందాం. సిడ్నీకి నైరుతిగా సుమారు 390 కిలోమీటర్ల దూరంలో, మరంబిజీ నది ఒడ్డున ఉంది. జనాభా రెండు వేలకు అటూ ఇటూ. ఆ నేల విరాడ్జురి అనే ఆదివాసీ ప్రజలది. వలస వచ్చినవాళ్ళు 1838లో అక్కడ ఊరు వేశారు. నది దాటడానికి అనువైన రేవు కనుక వరద మైదానంలోనే ఇళ్ళు కట్టుకున్నారు. 1852 జూన్ 24 రాత్రి నది పొంగి, తెల్లారేసరికి ఊరు కొట్టుకుపోయింది. మరుసటి ఏడు ఇంకా ఎత్తుగా వరద వచ్చాక మిగిలినవాళ్ళు గుట్ట మీదికి మారారు. ఇప్పటి గండగై ఆ గుట్ట మీది ఊరే.

ఆ రాత్రి ఎంతమంది చనిపోయారు? కొన్ని చోట్ల 78 అని ఉంటుంది, కొన్ని చోట్ల 89 అని. ఊరి జనాభా అప్పుడు సుమారు 250 అంటారు. యారీ, జాకీ జాకీ అనే విరాడ్జురి మనుషులు చెట్టు బెరడుతో చేసిన పడవల మీద ఆ వరదలోకి వెళ్ళి జనాన్ని తెచ్చారు. వాళ్ళు కాపాడింది ఎంతమందిని? ఒకచోట నలభై మందికి పైగా అని, మరోచోట 69 మంది అని. కాపాడినవాళ్ళు ఇద్దరేనా? లాంగ్ జిమ్మీ అనే ఆయన్నీ, పేరు చెప్పని మరొకరినీ కలిపి చెప్పే కథనాలూ ఉన్నాయి.

ఏది నిజం అని అడిగేముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఈ మాట ఎవరు, ఎప్పుడు, ఎక్కడ నిలబడి చెప్పారు?

ఇక్కడే తేదీలు పనికొస్తాయి. గండగై టైమ్స్ పత్రిక 1868లో మొదలైంది. అంటే వరద వచ్చినప్పుడు ఊళ్ళో పత్రికే లేదు. ఆ రోజుల్లో అచ్చయిన వార్తలన్నీ బయటి పత్రికలకి, ముఖ్యంగా సిడ్నీకి, చేరిన ఉత్తరాల మీద ఆధారపడ్డవే. బురదలో శవాలు ఇంకా దొరుకుతూ ఉండగా రాసిన ఉత్తరంలో లెక్క తక్కువ ఉండొచ్చు. పైగా 1851లో బంగారం బయటపడ్డాక సిడ్నీ నుంచి దక్షిణానికి పోయే దారి మీద రాకపోకలు పెరిగాయి. ఆ రాత్రి ఊళ్ళో బస చేసిన బాటసారుల పేర్లు ఊరివాళ్ళకి మాత్రం ఎలా తెలుస్తాయి? వాళ్ళని కలిపితే ఒక లెక్క, కలపకపోతే మరో లెక్క. నేను రుజువు చేసిన విషయం కాదిది. ఒక అంకె వెనక ఎన్ని తలుపులు ఉండొచ్చో చూపించడానికి చెబుతున్నాను.

ఆ తర్వాత ముప్పై, నలభై ఏళ్ళకి ముసలివాళ్ళు గుర్తుచేసుకుని చెప్పిన మాటలు పత్రికల్లో వచ్చాయి. వాటిలో అంకెలు గుండ్రంగా మారతాయి, మనుషులు మాత్రం స్పష్టంగా కనబడతారు. మూడో సాక్ష్యం విరాడ్జురి కుటుంబాల్లో నోటి మాటగా వచ్చిన కథ. దీన్ని చాలాకాలం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. పడవ నడిపినవాళ్ళ వైపు నుంచి ఆ రాత్రిని చూపించేది ఆ కథే కదా! దాన్ని వదిలేసి రాస్తే, గట్టు మీద నిలబడి చూసినవాళ్ళ చరిత్రే మిగులుతుంది.

మీరు చేయాల్సిన పని చీటీ రాయడం. పోస్టుకార్డంత అట్టముక్క చాలు, కంప్యూటర్లో పట్టిక అయినా సరే. ప్రతి మాటకీ ఒక చీటీ ఉండాలి, ఇలా:

విషయం: 1852 వరదలో కాపాడబడినవారి సంఖ్య
చెప్పిన లెక్క: (ఉన్నదున్నట్టు, మీ దిద్దుబాటు లేకుండా)
చెప్పినవారు: (పేరు తెలియకపోతే "పేరు లేని ఉత్తరం" అని)
చెప్పిన కాలం: (వరద తర్వాత ఎన్ని రోజులకి, ఎన్ని ఏళ్ళకి)
వారికెలా తెలుసు: (కళ్ళారా చూశారా, విన్నారా, ఎక్కడైనా చదివారా)
నేను చూసిన చోటు, తేదీ:

నాలుగు, ఐదో వరసలే ఈ చీటీకి ప్రాణం. పది చీటీలు రాసి బల్ల మీద పరిస్తే ఒక సంగతి బయటపడుతుంది. చాలాసార్లు ఆరు చీటీలు ఆరు సాక్ష్యాలు కావు. ఒకరు రాసింది చూసి మిగతా ఐదుగురూ ఎత్తి రాసుకున్నారని అర్థమవుతుంది. అప్పుడు ఆ ఆరింటినీ ఒక్కటిగానే లెక్కపెట్టాలి.

వ్యాసం రాసేటప్పుడు కూడా చీటీ మాటే వాడండి. "78 మంది చనిపోయారు" అని తేల్చేయకుండా, "చనిపోయినవారు 78 అని కొందరు, 89 అని కొందరు రాశారు" అనండి. ఇలా రాస్తే మీకేమీ తెలియనట్టు కనిపిస్తుందని భయపడకండి. చదివేవాడికి మీ మీద నమ్మకం పెరిగేది ఇలాంటి చోటే.

పాత పత్రికల కోసం ట్రోవ్ ఉంది. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం 2009 నుంచి నడుపుతున్న ఉచిత భాండాగారం అది. పత్రికలు ఎక్కువగా 1954 వరకు ఉంటాయి. పాత అచ్చును యంత్రం చదువుతుంది కాబట్టి పేర్లు తప్పుగా పడతాయి. 'యారీ' అనే పేరుకి నాలుగైదు రకాల అక్షరాలతో వెతకండి. తప్పు కనబడితే అక్కడే దిద్దండి. దిద్దే వీలు అందరికీ ఉంది. మీరు దిద్దిన పేరు రేపు ఇంకొకరు వెతికినప్పుడు దొరుకుతుంది. ఊరి చరిత్రకి సాయం చేయడానికి ఇంతకన్నా తేలిక దారి నాకు తెలియదు.

ఇప్పుడు నోటి మాట రికార్డు చేయడం. ఈ పాఠంలో ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడే.

నేను చేసిన తప్పుతో మొదలుపెడతాను. మా ఊళ్ళో తొంభై దాటిన ఒక పెద్దావిడ ఉండేది. చిన్నప్పుడు వరద వస్తే ఆవుల్ని ఎలా గట్టెక్కించారో రెండు గంటలు చెప్పింది. ఫోన్‌లో రికార్డు చేసుకుని ఇంటికొచ్చి, ఆదివారం కాపీ తీద్దాంలే అనుకున్నాను. ఆదివారాలు గడిచిపోయాయి. ఫోన్ పాడైంది, రికార్డు పోయింది. మళ్ళీ అడుగుదామని వెళ్ళేసరికి ఆవిడ లేదు. ఆ గొంతులో ఆవుల పేర్లు ఉన్నాయి. ఒక్కటీ నాకు గుర్తు లేదు.

కాబట్టి మొదటి నియమం: రికార్డు చేసిన రాత్రే, పడుకోకముందే, మూడు కాపీలు తీయాలి. ఒకటి కంప్యూటర్లో, ఒకటి విడి డ్రైవ్‌లో, ఒకటి మీ ఇంట్లో కాకుండా వేరే చోట.

కూర్చునే గదిలో ఫ్రిజ్ మోత, గోడ గడియారం చప్పుడు లేకుండా చూసుకోండి. చెవికి ఆనని మోత కూడా రికార్డులో మాటని మింగేస్తుంది. ముందు ఒక నిమిషం మాట్లాడించి, వెనక్కి తిప్పి వినండి. ఆ తర్వాత మొట్టమొదట మీ గొంతుతోనే తేదీ, ఊరు, ఎదురుగా కూర్చున్నవారి పేరు చెప్పండి. ఫైలు పేరు పోయినా రికార్డు ఎవరిదో తెలుస్తుంది.

"వరద ఎలా ఉండింది?" అని అడిగితే "అబ్బో, చాలా ఘోరం" అంటారు, అంతటితో సరి. "ఆ రోజు పొద్దున మీ వంటింటి కిటికీలోంచి ఏం కనబడింది?" అని అడగండి. "నీళ్ళు ఏ మెట్టు దాకా వచ్చాయి?" అనండి. "అప్పుడు భయమేసిందా?" అన్న ప్రశ్న అసలొద్దు. అందులో మీరే జవాబు ఇచ్చేస్తున్నారు. వాళ్ళు మాట ఆపితే మీరూ ఆగండి. మనసులో పది దాకా లెక్కపెట్టండి. మంచి మాటలు చాలావరకు ఆ మౌనం తర్వాతే వస్తాయి. పాత ఫోటో ఒకటి చేతికిచ్చి కూర్చోండి, ప్రశ్నల కన్నా అదే బాగా మాట్లాడిస్తుంది.

రికార్డు ఎవరు వినొచ్చు, అందరికీ పెట్టొచ్చా, చనిపోయాక ఏం చేయాలి అన్నవి కాగితం మీద రాసి సంతకం తీసుకోండి. అబొరిజినల్ (ఆదివాసీ) పెద్దల మాటలు, వాళ్ళ పూర్వీకుల ఫోటోల విషయంలో ఇంకొంచెం ఆగి అడగాలి. చనిపోయినవారి పేరు వినడం, ముఖం చూడడం కొన్ని కుటుంబాలకి బాధ కలిగిస్తుంది. గండగై ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 1983 చట్టం కింద ఏర్పడ్డ స్థానిక అబొరిజినల్ ల్యాండ్ కౌన్సిళ్ళున్నాయి, అంటే ఆదివాసుల భూమి సంగతులు చూసే సంఘాలు. అక్కడికి వెళ్ళి ఎవరిని అడగాలో తెలుసుకోండి. పడవ కోసం బెరడు ఒలిచిన మచ్చలున్న పెద్ద చెట్లు కొన్ని నదుల ఒడ్డున ఇంకా నిలిచే ఉన్నాయి. అవి కూడా దస్తావేజులే. అయితే ఆ చెట్టు ఎక్కడుందో వాళ్ళని అడగకుండా లోకానికి చాటకండి.

ఫోటోల సంగతి తొందరగా చెప్పేస్తాను, ఆరో పాఠంలో విడిగా ఉంది. వెనకవైపు అంచున మెత్తని పెన్సిల్‌తో రాయండి, బాల్ పెన్ వద్దు. సెల్లో టేపు, లామినేషన్ జోలికి పోవద్దు. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా స్కాన్ చేసి దాచుకోండి, పంచుకోవడానికి చిన్న కాపీ చాలు. ఆస్ట్రేలియాలో 1955కి ముందు తీసిన ఫోటోలకి కాపీరైట్ గడువు తీరిపోయింది.

గండగైలో ఛార్లెస్ గేబ్రియల్ అనే డాక్టరు ఉండేవాడు. 1927లో చనిపోయాడు. ఊరి వీధుల్నీ, పెళ్ళిళ్ళనీ, వరదల్నీ గాజు పలకల మీద ఫోటోలు తీశాడు. ఆ పలకలు ఇప్పుడు జాతీయ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. బొమ్మలు దొరికాయి, సంతోషం. కానీ పాత బొమ్మ ఏది చూసినా నాకు మొదట తట్టే ప్రశ్న ఒకటే: ఈ వరసలో మూడో ఆవిడ ఎవరు?

దానికి మా మ్యూజియంలో చేసే పని చెబుతాను. ఫోటోని ఏ4 కాగితమంత పెద్దగా అచ్చు వేయించి, దాని మీద పల్చటి ట్రేసింగ్ కాగితం పరుస్తాం. తలల చుట్టూ గీత గీసి అంకెలు వేస్తాం. టీ, స్కోన్లు పెట్టి ఊళ్ళో పెద్దవాళ్ళని పిలుస్తాం. ఎవరు ఏ తలకి ఏ పేరు చెప్పారో పక్కన రాస్తాం. ఒకే తలకి రెండు పేర్లు వస్తే రెండూ రాస్తాం, చెప్పినవాళ్ళ పేర్లతో సహా. అంటే అదీ చీటీయే. చరిత్రని పంచుకోవడం ఎలా అని అడుగుతుంటారు కదా, నాకు తెలిసిన మంచి పద్ధతి ఇదే. ఆ సాయంత్రం ఊరు మనకి చెబుతుంది, మనం ఊరికి చూపిస్తాం.

గండగై దగ్గర డబ్బా మీద కూర్చున్న కుక్క విగ్రహం ఉంది, ఆస్ట్రేలియా అంతా ఎరిగినది. 1932 నవంబరు 28న ప్రధాని జోసెఫ్ లయన్స్ ఆవిష్కరించాడు. యారీ, జాకీ జాకీల కంచు విగ్రహం వీధిలో నిలబడింది 2017లో, వరద వచ్చిన 165 ఏళ్ళకి. చిన్న చిన్న గుర్తులు అంతకుముందే ఉన్నాయి. అయినా ఈ రెండు తేదీల మధ్య 85 ఏళ్ళు చూస్తే నాకు గుండె బరువెక్కుతుంది. ఊరికి ఏది ముందు గుర్తొచ్చిందో, ఏది ఆలస్యంగా గుర్తొచ్చిందో కూడా చరిత్రే. దానికీ ఒక చీటీ రాయండి.

నది మీది ప్రిన్స్ ఆల్‌ఫ్రెడ్ వంతెనకి వరద మైదానం పొడవునా ఉండిన చెక్క వయాడక్ట్‌ని, అంటే స్తంభాల మీద ఎత్తుగా కట్టిన దారిని, 2021లో కూల్చేశారు. అది నిలబడి ఉన్న రోజుల్లో దాని కింద నిలబడి, పైన లారీలు పోతుంటే చెక్కలు చేసే చప్పుడు విన్నవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ చప్పుడు ఎలా ఉండేదో అడిగి రాసుకోవడానికి ఇంకా సమయం ఉంది.

ఈ వారం పని: పోయినసారి తెచ్చిన మూడు కథనాలకి మూడు చీటీలు రాయండి. నాలుగోది మీ వీధిలో అందరికన్నా పెద్దవాళ్ళ నోట విని రాయండి, పావుగంట చాలు. రికార్డు చేస్తే ఆ రాత్రే మూడు కాపీలు. వచ్చే పాఠంలో ఈ నాలుగు చీటీలతో ఒక పేజీ వ్యాసం కడదాం.