లైటు వేసినా పురుగు రాలేదా? తోటలో మాత్‌ల రికార్డు: సమస్యలు, పరిష్కారాలు

మా తోట నల్గొండ జిల్లాలో ఉంది. బత్తాయి చెట్లు, కంచె వెంట వేపచెట్లు, వాటి మీదికి అల్లుకున్న తిప్పతీగ, ఇంటి ముందు నందివర్ధనం. రాత్రి తెల్ల గుడ్డ కట్టి, లైటు వేసి, వచ్చిన పురుగుల్ని ఫోటో తీసి పుస్తకంలో రాసుకుంటాను. మొదలుపెట్టిన ప్రతివాళ్లకీ దాదాపు ఇవే చిక్కులు వస్తాయి. ఇక్కడ చెప్పేది మాత్‌ల గురించి, అంటే సీతాకోకచిలుకల్లా ఉండి ఎక్కువగా రాత్రిపూట తిరిగే పురుగులు. మాత్‌కి తెలుగులో అందరూ ఒప్పుకునే ఒక్క మాట లేదు. రైతులు రెక్కల పురుగు అంటారు, పుస్తకాల్లో శలభం అని ఉంటుంది, కొందరు చిమ్మట అంటారు. చిమ్మట అంటే కీచురాయి అనుకునేవాళ్లూ ఉన్నారు కాబట్టి ఇక్కడ మాత్ అనే రాస్తున్నాను.

గుడ్డ మీద ఏమీ వాలడం లేదు

ముందు ఆకాశం చూడండి. పౌర్ణమికి దగ్గరైతే లైటు దగ్గరికి వచ్చేవి బాగా తగ్గిపోతాయి. అమావాస్యకు అటూ ఇటూ నాలుగైదు రోజులు, మబ్బు పట్టి ఉక్కగా ఉండి గాలి లేని రాత్రి ఎంచుకోండి.

చంద్రుడు లేకపోయినా రాకపోతే లైటుని అనుమానించండి. మన ఇళ్లలోని తెల్ల ఎల్‌ఈడీ బల్బుల్లో అతినీలలోహిత (యూవీ) కాంతి దాదాపు ఉండదు. మాత్‌లను బాగా లాగేది ఆ కాంతే. 365 నానోమీటర్ల యూవీ ఎల్‌ఈడీ గానీ, బ్లాక్‌లైట్ ట్యూబ్ గానీ తెచ్చుకోండి. పవర్ బ్యాంకుతో వెలిగేదైతే కరెంటు పోయినా టెన్షన్ ఉండదు. క్రిములను చంపడానికి అమ్మే యూవీ-సి దీపం మాత్రం వద్దు, అది కళ్లనీ చర్మాన్నీ దెబ్బ తీస్తుంది. మామూలు యూవీ దీపాన్నైనా తేరిపార చూడకండి.

వరండా లైటు ఆపారా? వీధి దీపం గుడ్డకి ఎదురుగా ఉందా? పక్క చేలో ఆ రోజు మందు కొట్టారా? ఇవన్నీ చూశాక కూడా ఏమీ రాకపోతే పుస్తకంలో తేదీ వేసి, ఎంతసేపు లైటు వెలిగిందో రాసి, పక్కన సున్నా పెట్టండి. చాలామంది ఆ పేజీని ఖాళీగా వదిలేస్తారు. అలా వదిలేస్తే ఆ రాత్రి పురుగు రాలేదా, మీరే కూర్చోలేదా అన్నది ఏడాది తర్వాత మీకే తెలియదు.

తొలకరి పడింది, ఉసిళ్లు కమ్మేశాయి

వాన వెలిసిన సాయంత్రం ఉసిళ్లు వచ్చి మిగతావాటికి చోటు లేకుండా చేస్తాయి. లైటు ఆపి గంట ఆగండి. వాటి జోరు తగ్గాక మళ్లీ వేయండి. ఈ తొలి వానలకే ఎర్ర గొంగళి పురుగు తాలూకు రెక్కల పురుగులు కూడా భూమిలోంచి బయటికొస్తాయి. తెల్లటి ముందు రెక్క అంచున పసుపు చార ఉంటుంది. అవి గుడ్డ మీద గుంపుగా కనబడితే ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి రాయండి, వేరుశనగ, ఆముదం వేసిన పక్క రైతులకు ఆ రాత్రే చెప్పండి. పొలం గట్ల మీద మంటలు వేసి వీటిని చంపడం పాత పద్ధతి, అది పనిచేసేది పురుగు బయటికొచ్చిన ఆ కొద్ది రోజుల్లోనే.

బత్తాయిలు రాలుతున్నాయి, గుడ్డ మీద మాత్రం ఏమీ లేదు

ఇది మా తోటలో నన్ను బాగా ఏడిపించిన సమస్య. పండు మీద సూదితో గుచ్చినంత రంధ్రం, చుట్టూ మెత్తబడి కుళ్లడం, రెండు మూడు రోజుల్లో రాలిపోవడం. అందరూ పండు ఈగ అన్నారు. కుళ్లిన పండు కోసి చూస్తే లోపల ఒక్క పిల్లపురుగు కూడా లేదు. పండు ఈగ పని అయితే లోపల తెల్ల పురుగులు ఉండాలి.

అసలు కారణం రసం పీల్చే మాత్. దాని తొండం కొస గట్టిగా, ముళ్లతో ఉంటుంది, దాంతో తొక్కనే చీల్చేస్తుంది. ఇది లైటుకి పెద్దగా రాదు, అందుకే గుడ్డ మీద ఎన్నాళ్లు వెతికినా దొరకలేదు. చీకటి పడిన రెండు మూడు గంటల్లో టార్చి పట్టుకుని చెట్ల మధ్య నడవండి. పండు మీద నిప్పురవ్వల్లా మెరిసే రెండు కళ్లు కనబడతాయి. ముందు రెక్కలు ఎండుటాకులా ఉంటాయి, విప్పితే లోపలి రెక్కలు నారింజ పసుపు, నల్ల అంచు, మధ్యలో నల్ల చుక్క.

ఎర కూడా పెట్టొచ్చు. మగ్గిన అరటిపండు, బెల్లం, కాస్త కల్లు కలిపి పిసికి, ఒక రోజు పులియనిచ్చి, చెట్టు బోదెకి రొమ్మెత్తున పూయండి. లైటుకి రాని మాత్‌లు చాలా దీనికి వస్తాయి. రసం పీల్చే మాత్ పిల్లపురుగు బత్తాయి ఆకు తినదు. తిప్పతీగ, దూసరితీగ తింటుంది. కంచె మీద నేను మురిపెంగా పెంచుకున్న తిప్పతీగలోనే అది పెరిగిందని తెలిశాక, బత్తాయికి ఆనుకుని ఉన్న తీగ తీసేసి దూరంగా కొంత ఉంచాను. పండ్లకు సంచులు కట్టడం మంచి రక్షణ, కానీ పెద్ద తోటకి కూలి ఖర్చు భరించలేం.

ఫోటోలో రెక్క మీది గీతలు కనబడటం లేదు

తెల్ల గుడ్డ మీద ఫ్లాష్ పడి వెనక్కి కొడుతుంది. ఫ్లాష్ ఆపి, టార్చికి బటర్ పేపర్ చుట్టి పక్కనుంచి వెలుగు పడేలా పట్టుకోండి. ఫోన్‌లో పురుగు మీద వేలు నొక్కి వెలుతురు తగ్గించండి. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, స్కేలు పెట్టి ఇంకొకటి తీస్తే చాలు.

గుడ్డ దగ్గర నారింజ, నలుపు పట్టీలతో చీమలా పాకే సన్నని పురుగు కనబడితే చేత్తో నలపకండి. దాని రసం తగిలితే ఒకటి రెండు రోజుల్లో బొబ్బలు లేస్తాయి. ఊది పంపేసి, తగిలిన చోట సబ్బుతో కడుక్కోండి. కప్పల కోసం పాములూ వస్తాయి, బూట్లు లేకుండా నిలబడకండి.

పేరు తేలడం లేదు

ఆడ, మగ వేరుగా ఉండడం ఒక కారణం. వరి కాండం తొలుచు పురుగులో ఆడదానికి పసుపు రెక్కల మీద ఒక్కో నల్ల చుక్క ఉంటుంది, మగది చిన్నగా గోధుమ రంగులో ఉంటుంది. రెండిటినీ రెండు జాతులుగా రాసేస్తాం. కొన్ని జాతుల్ని శరీరం కోసి మైక్రోస్కోపులో చూస్తేగానీ వేరు చేయలేరు. అలాంటప్పుడు కుటుంబం పేరుతో ఆపేయండి. తప్పు పేరు కన్నా అది మేలు. గొంగళి పురుగైతే ఏ మొక్క మీద దొరికిందో తప్పక రాయండి, సగం జవాబు అక్కడే ఉంటుంది.

తేదీ, చోటు పోయాయి

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలో తీసిన చోటు వివరాలు ఉండవు. మొక్కలు, జీవుల ఫోటోలు పెట్టి పేర్లు తేల్చుకునే ఐనాచురలిస్ట్ వెబ్‌సైటులో తేదీ, చోటు లేని ఫోటో క్యాజువల్ అనే మూలన పడిపోతుంది. కెమెరాలో లొకేషన్ ఆన్ చేయండి, పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి. ఇంటి చోటు అందరికీ తెలియడం ఇష్టం లేకపోతే ఐనాచురలిస్ట్‌లోనే మరుగుపరిచే వీలుంది.

డబ్బాలో పెంచుతున్న పురుగు చచ్చిపోయేలా ఉంది

నందివర్ధనం మీద నీలి కళ్లలాంటి మచ్చలతో ఉండే లావుపాటి పచ్చ పురుగు ఒక రోజు మట్టిరంగుకి మారి, తిండి మానేసి, డబ్బా చుట్టూ తిరుగుతుంది. జబ్బు కాదు, ప్యూపా కాబోతోంది, అంటే మాత్‌గా మారేముందు కదలకుండా ఉండే దశకి వెళ్తోంది. ఎండుటాకులు, కాస్త మట్టి వేసి కదపకుండా ఉంచండి. రెండు వారాలు అటూ ఇటూగా ఆకుపచ్చ, గులాబీ రంగులు కలిసిన పెద్ద మాత్ వస్తుంది.

ఒక్కోసారి మాత్‌కి బదులు, ఆ పురుగు లోపలే దాన్ని తిని పెరిగిన చిన్న కందిరీగలు బయటికొస్తాయి. మనసు కష్టపడుతుంది, కానీ పారేయకండి. ఏ పురుగులోంచి, ఏ తేదీన, ఎన్ని వచ్చాయో రాయండి. అలాంటి రికార్డు మాత్ ఫోటో కన్నా అరుదు.

పొద్దున్నే గుడ్డ కింద రెక్కలే మిగిలాయి

పిగిలిపిట్టలు, కాకులు రెండు మూడు రోజుల్లోనే గుడ్డని పసిగట్టేస్తాయి. తెల్లవారేదాకా లైటు ఉంచితే మనం పిలిచినవన్నీ వాటికి మేతే. అర్ధరాత్రికే లైటు ఆపేయండి. చీకటి ఉండగానే గుడ్డని మెల్లగా విప్పి, పొదల దగ్గర దులపండి. అదే చోట వరుసగా రోజూ కట్టకండి, వారానికి ఒక రాత్రి చాలు.