మోటారు రిక్లైనర్‌ను తక్కువ ఖర్చులో కొని ఇంట్లో అమర్చుకోవడం ఎలా?

వెనకటి పడక్కుర్చీకి ఒక చెక్క చట్రం, రెండు కర్రలు, ఒక దళసరి గుడ్డ, వెనుక కర్ర ఆనడానికి మూడు నాలుగు గాళ్లు ఉంటే సరిపోయేది. వాలు మార్చాలంటే లేచి కర్రను మరో గాడిలోకి జరుపుకొనేవారు. మోటారు రిక్లైనర్‌లో ఆ పని మీట నొక్కితే జరిగిపోతుంది. అయితే అది బరువైన వస్తువు, ఒకసారి ఇంట్లోకి వచ్చాక తిరిగి పంపడం తేలిక కాదు. అందువల్ల దుకాణానికి వెళ్లేముందే టేపు చేతిలోకి తీసుకోవాలి.

మొదట కొలవవలసింది గదిని కాదు, అందులో కూర్చోబోయే మనిషిని. కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, మోకాలి మడత వెనుక నుంచి నేల వరకు ఎంత ఎత్తు ఉందో చూడాలి. రిక్లైనర్ సీటు, మనిషి కూర్చున్నప్పుడు ఫోమ్ అణిగిన తరువాత, సుమారుగా ఆ ఎత్తులోనే ఉండాలి. మేము ఈ కొలత తీసుకోకుండా మా అమ్మ కోసం 20 అంగుళాల ఎత్తున్న సీటు కొన్నాము. దుకాణంలో ఆమె చెప్పులతో కూర్చున్నది కాబట్టి తేడా తెలియలేదు. ఇంట్లో వట్టి కాళ్లతో కూర్చునేసరికి పాదాలు నేలకు ఆనలేదు. ఆనడానికని కింద పీట వేస్తే, మరునాడు కాళ్లు చాపి ఆనించుకొనే ముందు పలక కిందికి దిగుతూ ఆ పీట మీద పడి కిర్రుమని ఆగిపోయింది. కాబట్టి దుకాణంలో చెప్పులు విప్పి కూర్చోవాలి, కనీసం పది నిమిషాలు కూర్చోవాలి.

ఆ తరువాత ఏ రకం కావాలో తేల్చుకోవాలి. మామూలు మోటారు రిక్లైనర్ వీపును వాల్చి కాళ్ల పలకను పైకి లేపుతుంది. లిఫ్ట్ రిక్లైనర్ అదనంగా కుర్చీ మొత్తాన్ని ముందుకు వంచి, కూర్చున్నవారిని దాదాపు నిలబెడుతుంది. మోకాళ్ల నొప్పితో ఎవరో ఒకరు చేయి అందిస్తే తప్ప లేవలేని పెద్దవారికి రెండోది పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. తమంతట తామే లేవగలిగేవారికి మొదటిది చాలు, ఖర్చూ తగ్గుతుంది.

ఇక స్థలం. సీటు ఉన్నచోటే ఉండి వీపు వెనక్కి వాలే రకానికి, వెనుక గోడకు మధ్య 12 నుంచి 18 అంగుళాల ఖాళీ కావాలి. వాలేటప్పుడు సీటు ముందుకు జరిగే రకానికి 4 నుంచి 6 అంగుళాలు సరిపోతాయి కనుక చిన్న ఫ్లాట్లకు అదే మేలు. పూర్తిగా వాల్చినప్పటి పొడవు ఎంతో అడిగి తెలుసుకొని, ఆ కొలతకు నేల మీద సుద్దముక్కతో గీత గీసి, ఒక పూట ఇంట్లోవారిని దాని చుట్టూ తిరగనివ్వండి. దారికి అడ్డమవుతుందో లేదో అప్పుడే తెలిసిపోతుంది. మూడడుగుల తలుపు అంటే మూడడుగుల దారి అని కాదు, చట్రం, తెరిచిన రెక్క పోగా మిగిలే వెడల్పును కొలవాలి. లిఫ్టు తలుపును, మెట్ల మలుపును కూడా మరిచిపోకూడదు.

డబ్బు ఎక్కడ తగ్గించుకోవచ్చు అన్నది అసలు ప్రశ్న. మసాజ్, వేడి, కప్పు పెట్టుకునే గుంట, రంగురంగుల లైట్లు నిస్సంకోచంగా వదిలేయవచ్చు. మన ఎండల్లో వీపుకు వేడి పెట్టే కుర్చీ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తగ్గించకూడనివి ఇనుప యంత్రాంగం, మోటారు, ఫోమ్. సీటు ఫోమ్ సాంద్రత ఎంతో అడగాలి. ఘనమీటరుకు 32 కిలోల సాంద్రత కంటే 40 కిలోలు ఉన్నది ఎక్కువ కాలం కుంగకుండా నిలుస్తుంది. చవక రెక్సిన్ కోస్తా ఉక్కకు పొరలు పొరలుగా ఊడివస్తుంది కనుక ఆ ప్రాంతంవారు గుడ్డ తొడుగు తీసుకోవడం మంచిది. వారంటీ మోటారుకు ఎంత, అడాప్టర్‌కు ఎంత, తొడుగుకు ఎంత అని విడివిడిగా అడిగి బిల్లు మీద రాయించుకోవాలి. మరమ్మతుకు మనిషి మీ ఊరికే వస్తాడా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి.

కుర్చీ సాధారణంగా సీటు, వీపు అని రెండు భాగాలుగా వస్తుంది. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, కత్తిని లోతుగా దించకండి. సీటును ఇద్దరు కలిసి దాని చోట పెట్టిన తరువాత, రవాణాలో కదలకుండా యంత్రాంగానికి కట్టిన ప్లాస్టిక్ కట్లను వెతికి కత్తిరించాలి. అవి ఉండగా స్విచ్ వేస్తే మోటారు మీద భారం పడుతుంది. ఆ తరువాత వీపు భాగంలోని రెండు లోహపు గాళ్లను సీటు వెనుక నిలబడి ఉన్న రెండు పట్టీల మీదికి సమానంగా దించాలి. రెండు వైపులా టక్కుమన్న శబ్దం వినబడాలి. ఒకవైపే వినబడితే ఆ రోజుకు బాగానే నిలుస్తుంది గానీ, వాలినప్పుడు వీపు ఒక పక్కకు ఒరుగుతుంది. పైకి లాగి చూసి, రాలేదని రూఢి చేసుకొన్నాకే వెనుక గుడ్డను అంటించాలి.

అడాప్టర్ మన 230 వోల్టుల కరెంటును చాలా కుర్చీల్లో 29 వోల్టులకు దించి, 2 ఆంపియర్ల వరకు ఇస్తుంది. అంటే 58 వాట్లు, ఒక సీలింగ్ ఫ్యాన్‌కు దగ్గర. అందువల్ల మామూలు ప్లగ్ పాయింట్ చాలు, ఇన్వర్టర్ లైనులో ఉన్న పాయింట్ అయితే మరీ మంచిది. కరెంటు పోయినప్పుడు పెద్దవారు వాలిన కుర్చీలోనే చిక్కుకుపోరు. తీగను కదిలే ఇనుప చేతులకు దూరంగా క్లిప్పుతో కట్టాలి, తివాచీ కింద దూర్చకూడదు. నున్నటి టైల్స్ మీద కుర్చీ జారకుండా కాళ్ల కింద రబ్బరు ముక్కలు వేయాలి.

మొదటిసారి ఖాళీ కుర్చీనే పూర్తిగా వాల్చి, తిరిగి మూసి చూడాలి. మధ్యలో ఆగితే ముందుగా అడాప్టర్ దీపాన్ని, తీగల కలయికలను చూడండి. ఈ మోటార్లలో చాలావరకు రెండు నిమిషాలకు మించి ఆగకుండా నడపడానికి చేసినవి కావు. పిల్లలు ఆటగా నొక్కుతూ ఉంటే వేడెక్కుతాయి. కాళ్ల పలక మూసేముందు కింద పాకే పిల్లలు గానీ పిల్లి గానీ లేదని ప్రతిసారీ చూడాలి. పలక మీద ఎవరూ కూర్చోకూడదు. నెలకొకసారి టార్చి వేసి అడుగున చూస్తే ఎలుకలు తీగ కొరికాయేమో తెలుస్తుంది.

చివరిగా, మీటలను పెద్దవారి చేతనే నొక్కించండి. మా అమ్మ నాలుగైదు రోజులు ఏది వాల్చేదో, ఏది లేపేదో తడబడింది. ఐదో రోజు తన నుదుటి బొట్టుబిళ్ల తీసి లేపే మీట మీద అంటించుకొన్నది.