రాజగృహం చూపిన దారిలో ఇంటి గ్రంథాలయం

ముంబైలోని దాదర్ హిందూ కాలనీలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ 1930ల తొలినాళ్లలో కట్టించుకున్న రాజగృహం పుస్తకాలను దృష్టిలో పెట్టుకొని రూపుదిద్దుకున్న ఇల్లు. ఇంట్లో గ్రంథాలయం ఏర్పాటు చేసుకోదలచినవారు మొదట నేర్చుకోవలసింది ఇదే. పుస్తకాలకు చోటు ముందుగా కేటాయించి, మిగిలిన సామానును ఆ తరువాత సర్దుకోవాలి. అద్దె ఇల్లయినా సరే, తేమ చేరని ఒక గోడను వాటికి వదిలి, అల్మారాను గోడకు ఆనించకుండా బెత్తెడు దూరంలో నిలబెట్టండి. చెద పట్టిందీ లేనిదీ వెనుక నుంచి చూడటానికి వీలవుతుంది.

ఏవి కొనాలన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. బరోడా మహారాజు ఇచ్చిన ఉపకార వేతనంతో 1913 నుంచి 1916 వరకు న్యూయార్క్‌లో చదువుకున్న అంబేద్కర్, తిండి ఖర్చు తగ్గించుకొని పాత పుస్తకాల దుకాణాలలో దాదాపు 2,000 పుస్తకాలు కొన్నారని ఆయన జీవితచరిత్రలు చెబుతున్నాయి. ఆ కొనుగోళ్ల వెనుక ఒక వెతుకులాట ఉంది. కులం ఎలా పుట్టిందన్న ప్రశ్నపై 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో పత్రం చదివిన ఆయనే, 30 ఏళ్ల తరువాత, 1946లో, శూద్రులెవరన్న ప్రశ్నపై గ్రంథం ప్రచురించారు. కాబట్టి మిమ్మల్ని ఏళ్ల తరబడి వదలని ప్రశ్నలు రెండో మూడో ఒక నోటు పుస్తకంలో రాసుకొని, వాటికి పనికివచ్చే పుస్తకాలనే ముందు కొనండి. హైదరాబాద్ కోఠిలోనూ, ఆదివారాలు ఆబిడ్స్ కాలిబాటల మీదా ఓపికగా వెతికితే తక్కువ ధరకే మంచివి దొరుకుతాయి. అందమైన అట్టలను చూసి సెట్ల కొద్దీ కొనడం నాకు సమ్మతం కాదు.

పుస్తకం ఇంటికి వచ్చిన రోజే దాని పేరు, రచయిత, కొన్న తేదీ, ఎందుకు కొన్నారన్న ఒక వాక్యం పట్టికలో చేర్చి, ఆ పట్టిక నకలును వేరొక చోట భద్రపరచండి. 1917లో అంబేద్కర్ స్వదేశానికి తిరిగివస్తూ విడిగా పంపిన సామాను, అందులోని పుస్తకాలతో సహా, యుద్ధకాలపు జలాంతర్గామి దాడిలో ఓడతోపాటు సముద్రం పాలైంది. ఏమి పోయాయో తెలిసినప్పుడే మళ్లీ సమకూర్చుకోగలం.

అల్మారాలో పుస్తకాలను సైజును బట్టి కాక విషయాన్ని బట్టి అమర్చండి. చదివే వేళ మాత్రం మీ ఇంటి పరిస్థితిని బట్టి ఎంచుకోండి; లండన్‌లో చదువుకునే రోజుల్లో ఆయన బ్రిటిష్ మ్యూజియం పఠన మందిరంలో తలుపులు తెరిచినది మొదలు మూసే దాకా కూర్చునేవారు, కానీ ఉద్యోగాలు చేసుకునేవారికి తెల్లవారుజామున ఒక గంట దొరికినా మేలే.

చివరగా, మంచం పక్కన చిన్న బల్ల ఒకటి వేసుకొని, ప్రస్తుతం చదువుతున్నవీ రాస్తున్నవీ మాత్రమే దాని మీద ఉంచండి. 1956 డిసెంబరు 5 రాత్రి, ఢిల్లీ అలీపూర్ రోడ్డులోని ఇంట్లో అంబేద్కర్ తన బౌద్ధ గ్రంథానికి రాసిన పీఠిక ప్రతిని మరొకసారి చూసుకోవడానికి అలాంటి బల్ల మీదే పెట్టించుకున్నారు.